ఇతర వివరాలు: నలభై అక్షరాలకు మించకుండా

ఉత్తరాలు రెండు రకాలు.
ఒకదాంట్లో బాకీ, గడువు, కార్పొరేషన్ ముద్ర.
రెండోదాంట్లో అవన్నీ ఉంటూనే
పైన నీలం అక్షరాల్లో ఒక్క వాక్యం ఎక్కువ:
"మీ వీధిలో పదిళ్ళకు ఎనిమిదిళ్ళు
నీటి పన్ను కట్టేశాయి."

ఎవరికి ఏ ఉత్తరమో చీటీలు తీసి తేల్చారట.
జాలారిపేటకు నీలం పడింది,
ఆరిలోవ కొండవాలుకు ఉత్త తెలుపు.
ఆ ఒక్క వాక్యం ఎంత రాబడి తెచ్చిందో కొలవడానికి
రోజుకు ఆరువందలకు నన్ను పెట్టుకున్నారు.
ట్యాబ్ వాళ్ళది, ఎండ నాది.

మే నెల. వేట నిషేధం.
పడవలు ఒడ్డున బోర్లా పడుకుని
వీపులకు రంగు వేయించుకుంటున్నాయి.
వలల మధ్య మగవాళ్ళు నన్ను చూసి
నిషేధం డబ్బుల కబురేమోనని లేచారు,
కాదని తెలిసి మళ్ళీ కూర్చున్నారు.
ఆ లేవడానికీ కూర్చోవడానికీ
నా ఫారంలో గడి లేదు.

అర్జిల్లి మసేనమ్మ ఆ ఉత్తరాన్ని
ఎండుచేపల బుట్ట అడుగున పరిచింది.
తీసి, దులిపి, నా చేతికిచ్చింది.
నీలం వాక్యం మీద కవళ్ళ పొలుసులు.

"ఎనిమిదిళ్ళోళ్ళు కట్టీసినారని రాసినారు గదా బాబూ,
ఎవులా ఎనిమిది మంది?
నాను గుమ్మం గుమ్మం తిరిగి అడిగినాను.
కట్టినామన్నోళ్ళు ముగ్గురు.
మిగతావోళ్ళు నన్నే అడిగినారు,
నువ్వు కట్టీసినావేటని."

మరి కట్టావా అమ్మా?

"కట్టీసినాను.
ఈదిలో నానొక్కద్దాన్నే బాకీ అనుకుంటే
కొళాయికాడ మొకమెలాగెత్తుతాను?"

చెవి చూశాను. కమ్మ ఉండాల్సిన చోట
వేపపుల్ల ముక్క.

సున్నా, ఒకటి. రెండే గడులు.
ఒకటి నొక్కాను.
పచ్చ టిక్కు వెలిగింది.

లేవబోతుంటే అంది:
"కట్టినోళ్ళ లెక్క రాసినారు, బాగుంది.
అసలు కట్టినోళ్ళకి నీళ్ళెన్ని గంటలొచ్చినాయో
అదీ ఆ నీలం రంగుతోనే రాయొచ్చు గదా.
నానూ ఓ ఉత్తరం రాయిస్తాను మీ ఆఫీసుకి:
పక్క వార్డుకి దినామూ నీళ్ళిస్తన్నారు,
మీరొక్కరే ఇవ్వట్లేదని.
సిగ్గు మాకేనేటి?"

నాలుగు దాటాక ట్యాబ్ మూలిగింది:
"మీ తోటి సర్వేయర్లు ఈరోజు
సగటున పద్దెనిమిది ఇళ్ళు పూర్తి చేశారు.
మీరు: పదహారు."
ఎవరా తోటివాళ్ళు?
నేను గుమ్మం గుమ్మం తిరిగి అడగలేదు.
బీచ్ రోడ్డు పిట్టగోడ మీద కూర్చుని,
దూరంగా లంగరేసిన ఓడలు
హార్బర్లో తమ వంతుకు ఎదురుచూస్తుంటే,
రెండిళ్ళు నేనే కట్టాను.
మనుషుల్ని పెట్టాను, కొళాయిలు బిగించాను,
రెండిళ్ళ చేతా పన్నూ కట్టించాను.

నివేదిక సిరిపురంలో, ఏసీ హాల్లో.
తెర మీద రెండు గీతలు.
తెల్లది పడుకునే ఉంది, నీలం లేచింది.
వాక్యం ఒకటి, పెరుగుదల ఆరు శాతం,
అదనపు ఖర్చు సిరా.
చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను,
పక్కవాళ్ళు కొడుతున్నారు గనక.

ఆరు శాతం అబద్ధమని నేననను.
మసేనమ్మ కట్టింది, రసీదు చూశాను.
ఆ లేచిన గీతలో ఎక్కడో
ఒక వేపపుల్ల ఉంది,
గోడల్లేని రెండిళ్ళున్నాయి.
ఏది ఎంతో నాక్కూడా తెలీదు.

ఆమె ప్రశ్న నేను రాయలేదనుకోకండి.
ఫారం చివర ఒక గడి ఉంటుంది.
నలభై అక్షరాలు.
గుడీ, దీర్ఘమూ, ఒత్తూ, ఖాళీ కూడా
అక్షరమేనట ఆ యంత్రానికి.
రాత్రి ఇంటికొచ్చి తెరిచి చూస్తే
"అసలు కట్టినోళ్ళకి నీళ్ళెన్ని గంటలొచ్చినా"
అక్కడ తెగింది.

ఇప్పుడది ప్రశ్నలా కూడా లేదు.